ఫోన్లో మిగిలిపోయిన పెళ్ళికొడుకు

మా చర్చిలో సిరిల్ కూర్చున్న బెంచీ మీద తెలిసినవాళ్ళెవరూ కూర్చోరు. కొత్తవాళ్ళు పొరపాటున కూర్చుంటే రెండో పాట అయ్యేలోగా లేచి వెనక్కి వెళ్ళిపోతారు. కారణం అతని కుడికాలు. దాని మడమ నేలకు ఆనదు. పాట పాడుతున్నా, వాక్యం చదువుతున్నా, కానుక పట్టే సంచి ముందుకొచ్చినా అది ఆడుతూనే ఉంటుంది. బెంచీ మొత్తం సన్నగా వణుకుతుంది, ప్లాట్‌ఫారం పక్కనుంచి ఆగకుండా గూడ్సుబండి పోతున్నట్టు. సిరిల్ గుడికొచ్చాడో లేదో తెలుసుకోడానికి ప్రార్థనలో కళ్ళు తెరవక్కర్లేదని మావాళ్ళు అంటారు.

సిరిల్ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు. తండ్రి అక్కడే ఫిట్టరుగా రిటైరయ్యాడు. సిరిల్‌ను కూడా రైల్వేలోనే పెట్టాలని ఇంట్లో అందరికీ ఆశ. కానీ రైల్వే ఉద్యోగానికి పరీక్ష రాయాలి, పరీక్ష రాయాలంటే చివరి గంట కొట్టేదాకా కూర్చోవాలి. అది అతని వల్ల కాలేదు. సగం పేపరు రాసి బయటికొచ్చి, హాలు చుట్టూ తిరిగి, మిగతా సగానికి జవాబులు వరండాలో ఆలోచించుకున్నాడు. అవి బాగానే ఉన్నాయట. రాయడానికి మాత్రం లోపలికి రానివ్వలేదు.

ఇప్పుడు నలభై దాటాయి. సుభాష్‌పల్లిలో ఇంటి ముందుగదిలో ఉండి వెబ్‌సైట్లు కడతాడు. ఖరిదా బజారులో మిఠాయి కొట్టు, చీరల కొట్టు, కోచింగ్ సెంటరు, మా చర్చి, ఇలాంటివి. కూర్చుని చేసే పని కదా, ఎలా చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, అతని భార్య దోర్కా ముందుగదిలోని తన కుట్టుమిషన్ చూపిస్తుంది. దాని మీదే అతని లాప్‌టాప్ ఉంటుంది. కింద మిషన్ పెడల్ మీద అతని కాళ్ళు.

“మిషన్ నాది, కాలు ఆయనది. బెల్టు తీసి దాసీసినాను. లేకపోతే ఈపాటికి ఖరగ్‌పూర్ మొత్తానికీ కర్టెన్లు కుట్టీసేవాడు.”

సిరిల్‌ను ఏళ్ళ తరబడి పీడించిన విషయం ఒకటుంది. కొట్టు సైటులో అతను ఏదైనా మారుస్తాడు. తన దగ్గర కొత్తది కనిపిస్తుంది. ఖరిదా నుంచి మాత్రం మిఠాయి కొట్టు దాదా బెంగాలీలో ఫోను: “సిరిల్ దా, ఎఖనో పురోనో టాయ్ దేఖాచ్ఛే.” ఇంకా పాతదే కనిపిస్తోంది మహాప్రభో అని. సిరిల్ స్కూటరు తీస్తాడు. కొట్టుకు వెళ్తాడు. ఏదో నొక్కుతాడు. కొత్తది వస్తుంది. ఇంటికొచ్చేసరికి చీరల కొట్టు నుంచి ఫోను.

ఇదేమిటని నేనోసారి అడిగితే టీ కొట్టు దగ్గర నిలబెట్టి చెప్పాడు.

“అన్నా, ఈ టీ కొట్టు దాదా ఏటి చేస్తన్నాడు? మనిషి వచ్చినప్పుడల్లా టీ కాయడు కదా. ఒకసారి కాసి ఫ్లాస్కులో పోసి ఉంచుతాడు. సర్వరూ అంతే. పేజీని ఒకసారి తయారుచేసి ఫ్లాస్కులో ఉంచుకుంటాది. దాన్నే కాష్ అంటారు. నేను లోపల అల్లం టీ పెట్టినా, ఫ్లాస్కులో పాత టీ ఉన్నంతసేపూ అందరికీ అదే పోస్తాది. ఆ ఫ్లాస్కు నేను ఖాళీ చెయ్యాల. మర్చిపోయినాననుకో, ఇంక ఫోన్లే ఫోన్లు.”

క్రిస్మస్ ముందు, ఆ ఖాళీ చేసే పనిని సిరిల్ కంప్యూటరుకే అప్పగించాడు. తను కొత్త కోడ్ పైకి పంపగానే సర్వరు తన ఫ్లాస్కును తానే ఒంపేసుకునేలా నాలుగు ముక్కలు రాశాడు. నాలుగు ముక్కలంటున్నాను గానీ దానికోసం అతను తిరిగిన తిరుగుడు, చల్లారిపోతే దోర్కా మళ్ళీ వెచ్చబెట్టిన అన్నం నాకు తెలుసు. పని చేసిన రోజున చేపల బజారులో చేపలమ్మే దీదీకి కూడా చెప్పాడు. ఆవిడ సంతోషించి ఒక తోక ముక్క ఎక్కువ వేసింది.

సంతోషించనిది హెన్రీ గారొక్కరే. ఆయన మా చర్చి పెద్ద. సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. తనంతట తాను జరిగే పనంటే ఆయనకు గిట్టదు.

“ఏరా సిరిలూ, సిగ్నలు దానంతటదే పడిపోతాదని నమ్మి ఇంటికాడ తొంగున్నానేట్రా నేను? మనిషి యెల్లి కంటితో సూడాల. నీ ఆటోమేటిక్ ఏదో రోజు బోల్తా కొట్టిస్తాది నిన్ను.”

“కొట్టదు అంకుల్. మీరే చూస్తారు.”

“సూస్తాను, సూస్తాను. నేనెక్కడికి పోతాను?”

ఇక వినీల సంగతి.

సిరిల్ అక్క ఎలీసమ్మ, భర్త పోయినప్పటినుంచి ఆ ఇంట్లోనే వెనక వాటాలో ఉంటుంది. ఆమె కూతురు వినీల. రైల్వే ఆసుపత్రిలో కళ్ళ పరీక్షలు చేసే చోట ఉద్యోగం. అద్దాలు మార్చి మార్చి పెట్టి, గోడ మీద అక్షరాలు చదవమంటుంది చూడండి, ఆ అమ్మాయి. పోయిన వానాకాలంలో వినీలకు జితేంద్ర అనే అబ్బాయితో సంబంధం కుదిరింది. మా దగ్గర పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని. సిరిల్ ఆ ప్రకటనను శనివారం పొద్దున్నే చర్చి వెబ్‌సైటులో పెట్టాడు. మేనకోడలి పేరు మీద విడిగా ఒక పేజీ, చుట్టూ పూల అంచు. సాయంత్రానికి సంబంధం చెడింది. ఎందుకన్నది ఇక్కడ అనవసరం, తప్పు మాత్రం మా పిల్లది కాదు. చీకటిపడకుండానే సిరిల్ ఆ పేజీ తీసేశాడు. ఆదివారం గుడిలో ఆ పేరు ఎవరూ చదవలేదు.

మా చర్చిలో ఒక మర్యాద ఉంది. ఎవరింట్లోనైనా సంబంధం చెడితే మిగతావాళ్ళకి దాని గురించి అసలేమీ తెలియనట్టే ఉండాలి. ఎలీసమ్మ ఎదురైతే, “జితేంద్రా? అతనెవరమ్మా?” అన్నట్టు ముఖం పెట్టాలి. అందరూ పెట్టారు. హెన్రీ గారైతే పెట్టి ఊరుకోలేదు, నోటితో అన్నారు కూడా: “మాకేటీ తెలీదమ్మా. మేమేటీ సూడ్లేదు, ఏటీ విన్లేదు.” ఎలీసమ్మ ఆ మాటకి కళ్ళు తుడుచుకుంది. నిజంగానే ఓదార్పు అది.

క్రిస్మస్ వెళ్ళాక కొత్త సంబంధం వచ్చింది. అబ్బాయి రాజ్ కిరణ్, రైలింజన్లో అసిస్టెంటు లోకో పైలట్. వాళ్ళుండేది స్టేషనుకు అవతలివైపు, వెళ్ళే చర్చి కూడా వేరు. తల్లి సుజాతమ్మ. ఈ సంబంధం తానే కనిపెట్టానని ఆవిడకు గొప్ప. కళ్ళజోడు కోసం ఆసుపత్రికి వెళ్తే అక్కడ వినీల ఓపిగ్గా అక్షరాలు చదివించిందట. “అద్దాల్లోంచి సూసినాను పిల్లని, వొదల్లేదు” అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేది. కళ్ళు బాగానే ఉన్నాయి పొమ్మంటున్న తల్లిని ఆ పరీక్షకు బలవంతాన లాక్కెళ్ళింది ఎవరన్నది ఆవిడ ఆలోచించలేదు. మేమూ ఆలోచించలేదు.

ఎలీసమ్మ దాచుకోలేదు. వానాకాలంలో ఒక సంబంధం అనుకుని మానేశామని మొదటిరోజే చెప్పింది. సుజాతమ్మ చెయ్యూపేసి, “అయిపోనాదానికేటి” అంది. ముహూర్తం తొందరగానే పెట్టుకోవలసి వచ్చింది, ఎందుకంటే లెంటు ఉపవాస దినాలు మొదలైతే మా గుడిలో పెళ్ళిళ్ళు చెయ్యరు, ఈస్టర్ దాకా ఆగాలి. లెంటుకు ముందు సరిగ్గా మూడు ఆదివారాలే ఉన్నాయి. ఒక్కటి తప్పినా పెళ్ళి ఆగినట్టే. ఒకసారి సంబంధం చెడిన ఇంట్లో రెండోసారి పెళ్ళి ఆగడమంటే ఊరు ఏమనుకుంటుందో ఎలీసమ్మ రోజూ తమ్ముడికి చెబుతోంది, తమ్ముడి కాలు రోజూ ఇంకాస్త జోరుగా ఆడుతోంది.

మొదటి ప్రకటన ముందురోజు సిరిల్ కొత్తగా పేజీ కట్టలేదు. పూల అంచు బాగా కుదిరింది కదా అని వానాకాలంనాటి పేజీనే బయటికి తీసి, పెళ్ళికొడుకు పేరు మార్చి, పైకి పంపాడు. సర్వరు బుద్ధిగా తన ఫ్లాస్కు ఒంపేసుకుంది. తన ఫోన్లో చూసుకున్నాడు: రాజ్ కిరణ్. అంతకు వారం ముందే ఏదో ప్రయోగానికి ఆ ఫోన్ మొత్తం తుడిచేసి ఉన్నాడు. దోర్కా ఫోన్లో చూశాడు: రాజ్ కిరణ్. అది క్రిస్మస్‌కి కొన్నది. నాకు ఫోన్ చేసి చూడమన్నాడు. చూశాను, రాజ్ కిరణే. నాదీ కొత్త ఫోనే. పాతది టోటో రిక్షాలో పోగొట్టుకుని మంచిపనే చేశానని తర్వాత తెలిసింది.

ఇక్కడ తిమోతి పాస్టరు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ప్రకటనలు కాగితం మీద రాసుకుని చదివేవారు. అది బైబిల్లో ఎక్కడో దూరిపోయి, ఆయన వెతుకుతుంటే మేము దగ్గుతూ కూర్చునేవాళ్ళం. సిరిలే ఆయన్ని ఒప్పించాడు: “కాగితమేటండీ అయ్యగారూ, పోతాది. వెబ్‌సైటు ఎక్కడికి పోతాది? ఫోను తెరిచి చదివీయండి.” అప్పటినుంచి ఆయన ఫోన్లోనే చదువుతున్నారు.

ఆ ఆదివారం సుజాతమ్మ కొడుకుతో మా గుడికి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, కొత్త కళ్ళజోడు, ముందు వరస. వినీల ఆడవాళ్ళ వైపు మూడో వరసలో తలవంచుకుని ఉంది. పాస్టరు గారు ఫోను చేత్తో దూరంగా పట్టుకుని మొదలుపెట్టారు.

“కుమారి వినీలకును, చిరంజీవి జితేంద్రకును పరిశుద్ధ వివాహము చేయ నిశ్చయించడమైనది. ఇందుకు ఎవరికైనను అభ్యంతరమున్నయెడల...”

“ఉంది!” సుజాతమ్మ లేచి నిలబడింది.

మా గుడిలో ఇన్నేళ్ళుగా ఆ వాక్యం చదువుతున్నారు. ఎవరూ ఎప్పుడూ ఉందనలేదు. పాస్టరు గారికి ఆ తర్వాత ఏం చెయ్యాలో కూడా తెలియదు.

“మా బాబు పేరు రాజ్ కిరణు. ఈ జితేంద్ర ఎవుడండీ?”

నేను సిరిల్ వెనక వరసలో ఉన్నాను. అతని బెంచీ ఆగిపోయింది. 

“ఇందులో ఇలాగే ఉందయ్యా,” అని పాస్టరు గారు ఫోనును మాకు చూపించారు, ఆ దూరానికి మాకేదో కనిపిస్తుందన్నట్టు. గుడినిండా సంచుల జిప్పులు విడిపడ్డాయి. అందరూ ఫోన్లు తీశారు.

“నాకు రాజ్ కిరణే ఉన్నాదే.”

“నాకు జితేంద్ర!”

“ఏదీ, ఇటియ్యి. అవును, జితేంద్రే.”

“ఆరే బాబా, ఒక పిల్లకి ఇద్దరేటి?”

పాస్టరు గారు చెయ్యెత్తారు. “గాయకులు లేవండి. పాట పాడండి. అన్ని చరణాలూ పాడండి. నేనొచ్చేదాకా పాడుతూనే ఉండండి.” తనే ముందుగా పక్కతలుపు గుండా వరండాలోకి నడిచారు. వెనక సుజాతమ్మ, రాజ్ కిరణ్, ఎలీసమ్మ, వినీల, సిరిల్. చర్చి పెద్దగా హెన్రీ గారు. కార్యదర్శిగా నేను.

వరండాలో సుజాతమ్మ గొంతు పాటను మించిపోయింది.

“ఎలీసమ్మొదినా, అయిపోనాది అన్నావు. అయిపోనాదాన్ని ఇంకా రాసి ఉంచినారేటి? స్పేరింజన్ లాగ షెడ్డులో అట్టేపెట్టినారా? మావోడు ఫెయిలైతే అతగాణ్ణి తగిలిద్దారనా?”

“వొదినా, దేవుడి తోడు, నాకేటీ తెలీదు...” ఎలీసమ్మ ఏడుపు అందుకుంది.

“సుజాతమ్మ గారూ,” పాస్టరు గారు అన్నారు, “ఇది పొరపాటని మీరొప్పుకుంటే ఇప్పుడే వెళ్ళి సరిగ్గా చదివేస్తాను. మీకు అభ్యంతరం ఉన్నంతవరకూ ఈ ఆదివారం లెక్కలోకి రాదు. ఈ ఆదివారం పోతే...”

“తెలుసునండి. ఈస్టర్ తరవాతే. ఆగుదుము! తొందర మాకేటి?”

వినీల గోడకానుకుని నిలబడింది. ఏడవడం లేదు, ఎవరినీ చూడడం లేదు. లోపల రెండో చరణం అయిపోతోంది.

సిరిల్ ఒక్కొక్కరి దగ్గరా ఫోన్లు అడిగి తీసుకుంటున్నాడు. పాస్టరు గారిది: జితేంద్ర. ఎలీసమ్మది: జితేంద్ర. హెన్రీ గారిది: జితేంద్ర. కిటికీలోంచి పాట పాడుతూనే గాయకురాలు డయానా చాచిన ఫోను: జితేంద్ర. నాది: రాజ్ కిరణ్. వినీలది: రాజ్ కిరణ్. రెండడుగులు అటు, రెండడుగులు ఇటు తిరిగాడు. చటుక్కున ఆగాడు. అతని ముఖం వెలిగింది.

ఆ క్షణాన అతనికేం తట్టిందో ఆ తర్వాతి వారంలో నాకు చెప్పాడు. ఇప్పుడే చెప్పేస్తే మీకు వీలుగా ఉంటుంది. ఫ్లాస్కు సర్వరుకు ఒక్కదానికే కాదు. ప్రతి ఫోనుకూ సొంత సీసా ఒకటుంటుంది. ఒకసారి తెరిచిన పేజీని ఫోను అందులో పోసి దాచుకుంటుంది, మళ్ళీ అడిగితే సర్వరు దాకా వెళ్ళకుండా అదే పోస్తుంది. సర్వరు తన ఫ్లాస్కు ఒంపుకున్నా, ఇళ్ళకు తీసుకుపోయిన సీసాలు ఎవరు ఒంపుతారు? పైగా క్వార్టర్స్‌లో నెట్టు నత్తనడక కదా అని, చర్చి పేజీలను ఫోన్లు ఏడాదిపాటు దాచుకోవచ్చని సెలవిచ్చింది సిరిలే.

అంటే జితేంద్ర పేరు కనిపిస్తున్నది ఏయే ఫోన్లలో? వానాకాలంలో, ఆ ఒక్క శనివారం, ఆ పేజీ తెరిచి చూసిన ఫోన్లలో. “మేమేటీ సూడ్లేదు” అన్నవాళ్ళ ఫోన్లలో.

హెన్రీ గారు చేతులు వెనక్కి కట్టుకుని ఈ రోజు కోసమే బతికున్నట్టు నిలబడ్డారు.

“ఏరా సిరిలూ! ఏదిరా నీ ఆటోమేటిక్కు? నేను సెప్పనేదా? మనిషి యెల్లి కంటితో సూడాలని సెప్పినానా లేదా?”

సిరిల్ ఆయన ఫోను ఆయన ముఖం ముందు పట్టుకున్నాడు. అంత ఆనందం ఆ మనిషి ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

“అంకుల్, నా ఆటోమేటిక్‌కి ఏటీ అవ్వలేదు. ఈ పాత పేజీ ఎవరి ఫోన్లో కనపడతాదో తెలుసా? ఎవరైతే—”

“ఇదిగో, ఇది కూడా సూడు తమ్ముడూ,” సుజాతమ్మ ఇంకో ఫోను అతని చేతిలో కుక్కింది. “ఇది మా బాబుది. దీన్లోనూ ఆ జితేంద్రే. నా కళ్ళజోడు తప్పా?”

సిరిల్ ఆ ఫోను చూశాడు. తలెత్తి రాజ్ కిరణ్‌ని చూశాడు. అతను స్తంభం పక్కన, రాత్రి డ్యూటీ దిగి నిద్రలేని కళ్ళతో నిలబడి ఉన్నాడు. అతనికి వాక్యం ఎటు పోతోందో అర్థమైపోయింది. ముఖం ఎర్రబడింది. తల కొద్దిగా అడ్డంగా ఊపాడు, ఎంత కొద్దిగా అంటే ఎదురుగా ఉన్న సిరిల్‌కి, పక్కనున్న నాకు తప్ప ఎవరికీ కనపడదు.

సంబంధం వచ్చింది క్రిస్మస్ తర్వాత. ఈ అబ్బాయి మా చర్చివాడు కాడు. అయినా వానాకాలంలో ఆ శనివారం వినీల పెళ్ళి ప్రకటన తెరిచి చూశాడు. అంటే అంతకు ముందునుంచే చూస్తున్నాడు. తల్లిని కళ్ళ పరీక్షకు లాక్కెళ్ళింది ఇతనే. తాను కనిపెట్టిన సంబంధమని ఊరంతా టముకేసుకున్న సుజాతమ్మకి, కొడుకే తన చెయ్యి పట్టుకుని ఆ పిల్ల ముందు కూర్చోబెట్టాడని, ఇంతమంది ముందు, ఇంత కోపంలో తెలిస్తే?

“ఎవరైతే?” అన్నారు హెన్రీ గారు. “సెప్పరా. ఎవరైతే?”

లోపల ఆఖరి చరణం మొదలైంది.

సిరిల్ నోరు తెరిచే ఉంది. ఆ వాక్యంలో మిగిలింది నాలుగే మాటలు. బయటికొస్తే హెన్రీ గారి నోరు జన్మలో లేవదు. మొదలుపెట్టిన సంగతిని మధ్యలో వదిలెయ్యడం సిరిల్ జీవితంలో ఎన్నడూ చేసినవాడు కాదు, ఒక్క ఆ పరీక్ష తప్ప. 

“ఎవరైతే... ఏటీ లేదు అంకుల్. మీరన్నదే నిజం. తప్పు నాదే. దానంతటదే క్లియర్ అవ్వాల. అవ్వలేదు.”

“అదీ!” అన్నారు హెన్రీ గారు.

“అక్కయ్యా, మా ఎలీసమ్మక్కని ఏటీ అనకండి. పాత పేజీ నేను తీసినాను, దాన్నే దిద్దినాను. మిషను సగం ఫోన్లకి పాతదే పంపింది. బాబు ఫోను ఇటియ్యండి, మీ ముందే చేస్తాను.”

సిరిల్ ఆ ఫోన్లో మూడుచోట్ల నొక్కాడు. ఆ నొక్కేముందు ఒక్కసారి ఆ అబ్బాయి వైపు చూశాడు, అనుమతి అడిగినట్టు. అతను కళ్ళు వాల్చాడు. పేజీ తెల్లబడింది, చక్రం తిరిగింది, పూల అంచు వచ్చింది. సుజాతమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్క అక్షరం చదివింది, గోడ మీద పరీక్ష బోర్డు చదివినట్టు.

“రాజ్... కిరణ్. ఠీక్ హై. అయితే మిషన్ తప్పా?”

“మిషన్‌ది కూడా కాదక్కా. దాన్ని పెట్టినవోడిది.”

“పెద్దోడివి, ఒప్పుకున్నావు. ఇంక నాకేటి అభ్యంతరం?” అని ఆవిడ ఎలీసమ్మ వైపు తిరిగి, “ఊరుకో వొదినా, ముక్కు సీదుకో. లోపలందరూ సూస్తారు,” అంది.

మేం లోపలికి వెళ్ళేసరికి గాయకులు అదే పాటను మళ్ళీ మొదటినుంచి పాడుతున్నారు, అందరి గొంతులూ బొంగురుపోయి. పాస్టరు గారు ఈసారి సిరిల్ ఫోను తీసుకుని, పేరును ముందు పెదవులతో ఒకసారి చదువుకుని, అప్పుడు బయటికి చదివారు. అభ్యంతరం అన్న మాట దగ్గర ఆగి సుజాతమ్మ వైపు చూశారు. ఆవిడ లేదన్నట్టు ఠీవిగా చెయ్యి ఊపింది.

ఆ వారమంతా సిరిల్ నిలబడలేదు, కూర్చోలేదు. చేసిన మొదటి పని, ఏడాది దాచుకోవచ్చన్న సెలవును రద్దు చెయ్యడం. ఇకమీదట ప్రతి ఫోనూ తన సీసాలోది పోసే ముందు, మారిందా అని సర్వరును అడగాలి. పైగా, ప్రతి కొత్త ప్రకటనకూ కొత్త పేజీ, కొత్త చిరునామా. కోడ్ పైకెళ్ళగానే అదంతా దానంతటదే జరిగిపోతుంది. ఇప్పుడది నిజంగా చక్కగా ఉంది. కానీ చెప్పుకోడానికి లేదు. కబురు ఖరిదాకు పాకింది. మిఠాయి దాదా ఫోన్ చేసి, “సిరిల్ దా, శున్లామ్, తొమార్ ఆటోమేటిక్ ఖరాబ్?” నీ ఆటోమేటిక్ పాడైందట కదా అని పరామర్శించాడు. పాస్టరు గారు రెండో ప్రకటన కోసం కాగితం తీశారు. హెన్రీ గారు రోజూ సైకిలు మీద పోతూ గుమ్మం ముందు బెల్లు కొట్టి మరీ పలకరిస్తున్నారు.

“అన్నా, కడుపు ఉబ్బిపోతాంది,” అని నా దగ్గరికొచ్చి అప్పుడు చెప్పాడు మొత్తం సంగతి. “ఒక్క మాట. ఒక్క మాటంటే హెన్రీ అంకుల్ దారి మార్చుకొని పోతాడు.”

“మరి చెప్పకూడదూ?”

“ఆ పిల్లోడు తల ఊపినాడన్నా. ఏటి చెయ్యమంటావు?”

రెండో ఆదివారం గడిచింది. మూడోదానికి ముందు ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో టీ తాగుతున్నాను. సిరిల్ కుట్టుమిషన్ ముందు ఉన్నాడు, పెడల్ టకటకమంటోంది. వినీల డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడింది.

“మావయ్యా, ఒకటడుగుతాను, నిజం చెప్పు. నీ ఆటోమేటిక్ పాడైపోయిందన్నావు కదా. అలాగైతే నా ఫోన్లో సరిగ్గానే ఎందుకొచ్చింది? అమ్మ ఫోన్లో ఎందుకు పాతది వచ్చింది?”

“మిషను కదమ్మా. ఒకోసారి ఒకోలాగ...”

“నువ్వు ఒకోలాగ అని ఎప్పుడన్నా అన్నావా? అన్నం ఒక నిమిషం లేటైతే కారణం కావాల నీకు.”

వంటింట్లోంచి దోర్కా, “బాగా అడిగినావే,” అంది.

సిరిల్ నా వైపు చూశాడు. నేను టీ కప్పులోకి చూశాను. ఎవరి తలూపు గురించి నోరు కట్టుకున్నాడో ఆ మనిషి ఇక్కడ లేడు. ఉన్నది ఆ సంగతి ఎవరికి చెందాలో ఆ మనిషి.

“నేను ఎవరి గురించీ ఏటీ చెప్పను,” అన్నాడు సిరిల్. “ఫోన్ల సంగతైతే చెప్తాను. ఆ పాత పేజీ వానాకాలంలో ఆ శనివారం ఎవరు తెరిచి చూసినారో, వాళ్ళ ఫోన్లోనే ఉంటాది. చూడనోళ్ళ ఫోన్లో ఉండదు.”

 వినీల ఆ పేజీ ఎన్నడూ తెరవలేదు, అది ఆమెకు తెలుసు. వాళ్ళమ్మ సంతోషంగా పదిసార్లు తెరిచింది, అదీ తెలుసు. తర్వాత వరండాలో ఇంకెవరి ఫోన్లో ఆ పేరు కనిపించిందో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటున్నట్టు ఆమె కళ్ళు కదిలాయి. చివరిదాని దగ్గర ఆగాయి. పెడల్ చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు, దోర్కా మాత్రం గమనించి గరిటతోనే బయటికొచ్చింది, మొగుడికి ఏమైందోనని.

“శనివారమే చూసినాడా?” అంది వినీల మెల్లిగా.

“నేను ఫోన్ల సంగతి చెప్పినాను.”

“వానలకి ముందు, వాళ్ళ డ్యూటీ వాళ్ళకి చేసే కళ్ళ పరీక్షకి వచ్చినాడు మావయ్యా. బోర్డు చదవమంటే చదవడే! నా వైపు చూస్తా నిలబడిపోయినాడు. పాపం చూపు పోయిందేమో, ఇంజనెక్కనివ్వరేమో అని నేను మూడుసార్లు అద్దాలు మార్చినాను.” నవ్వు ఆపుకోలేక గుమ్మాన్ని పట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఒక్క ముక్క చెప్పనేదు ఇప్పటిదాకా. మొద్దు.”

“నువ్వూ చెప్పకు,” అన్నాడు సిరిల్ కంగారుగా. “వాళ్ళమ్మకి అసలు...”

“నాకు తెలీదేటి?”

బయట సైకిలు బెల్లు మోగింది. హెన్రీ గారు కాలు నేలకానించి, కిటికీలోంచి తొంగిచూస్తున్నారు.

“ఏరా సిరిలూ! బాగుపడిందేట్రా నీ ఆటోమేటిక్కు?”

సిరిల్ నోరు తెరిచేలోగా వినీల కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“బాగుపడింది హెన్రీ తాతా! మీ ఫోన్లో ఇంకా ఆ పాత పేరే ఉందేటి? ఇలాగివ్వండి, ఎలాగొచ్చిందో మావయ్య చూసి చెప్తాడు.”

ఆయన చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళింది. వినీల ముఖం చూశారు. సిరిల్ ముఖం చూశారు. ఆ చెయ్యి జేబు మీదే ఆగి, దాన్ని మెల్లిగా తడిమింది.

“ఎందుకులేమ్మా,” అన్నారు. “బాగుపడింది కదా, సాలు,” అని సైకిలెక్కారు.

మిషన్ కింద కాలు మళ్ళీ మొదలైంది.